పిప్పి కాదు, మైనం
పనిముట్లకు, చెక్క సామానుకు పూసే మైనం ముద్ద తయారీలో మా సంఘం అనుభవం

(సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక గ్రామ సంఘం సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం. ఆమె మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)



ఈ ఏడాది నివేదికలో మా సంఘం పేరుకెదురుగా "మైనం ముద్ద తయారీ" అని ఒక్క వరుస రాశారు. ఆ వరుస వెనక ఏముందో చెప్పమని నన్ను నిలబెట్టారు. బాగా జరిగిన సంగతి తక్కువ చెబుతాను, తప్పుపోయిన సంగతి ఎక్కువ చెబుతాను. రేపు మీలో ఎవరైనా ఈ పని మొదలెడితే అక్కరకొచ్చేది అదే.

మాది బొబ్బిలి వైపు ఊరు. మా ఇంట్లో వడ్రంగం. నేను కాపురానికి వచ్చేసరికి మా మావయ్యగారి పనిముట్ల సంచిలో ఉలులు, రంపం, బాడిస, చిత్రికతో పాటు నిమ్మకాయంత మైనం ఉండ ఒకటి ఉండేది. మరమేకు బిగించే ముందు దాని మీద ఒకసారి రాసేవారు. చేవ ఉన్న కర్రలోకైనా మేకు విరక్కుండా దిగిపోయేది. చిత్రిక అడుగున నాలుగు గీతలు గీసేవారు, అది చెక్క మీద జారిపోయేది. బీరువా సొరుగు పట్టేస్తే దాని అంచులకు రాసేవారు. వానాకాలం వస్తే ఉలులన్నిటికీ మైనం, కొబ్బరినూనె కలిపి పూసి గుడ్డలో చుట్టేవారు. ఆ ఉలులు ఇప్పటికీ మా ఆయన చేతిలో ఉన్నాయి.

మాకు దగ్గర్లోనే గొల్లపల్లి. బొబ్బిలి వీణ పుట్టేది అక్కడే అని మీకందరికీ తెలుసు. ఒక్క పనస మొద్దును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. దాని మీదుండే 24 మెట్లు నిలబడేది మైనం మీదే. తేనె మైనంలో బొగ్గుపొడి వంటివి కలిపి, రెండు వరసలుగా పరిచి, అందులో మెట్లు కూర్చి స్వరం సరిచూస్తారు. ఆ మైనం మెత్తబడితే మెట్టు కదులుతుంది, మెట్టు కదిలితే స్వరం తప్పుతుంది. మంచి మైనానికీ చెడ్డ మైనానికీ తేడా మా వైపు వాళ్లకు చెవితోనే తెలిసిపోతుందన్నమాట.

అంటే మైనం మనకు కొత్త సరుకు కాదు. దాన్ని డబ్బాలో పెట్టి అమ్మడం ఒక్కటే కొత్త.

ఎలా మొదలైంది

కొండల నుంచి సవర, జాతాపు అక్కచెల్లెళ్లు సంతకు తేనె తెస్తారు. 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం వేరే జిల్లా అయింది గానీ, సంత మాత్రం విడిపోలేదు. వాళ్లు తేనె పిండేశాక మిగిలిన పట్టును పిప్పి అంటారు. కొందరు పారేస్తారు, కొందరు అడిగిన వాళ్లకు ఇచ్చేస్తారు. నేనూ మా తోడికోడలూ ఆ పిప్పి ఒక సంచెడు ఊరికే తెచ్చుకున్నాం. ఇంట్లో కరిగించి మావయ్యగారి పద్ధతిలో ముద్ద చేశాం. ఊళ్లో నలుగురు వడ్రంగులు వాడి బాగుందన్నారు. ఇంకేం, సంఘంలో పెట్టి అప్పు తీసుకున్నాం.

మొదటి తప్పు అక్కడే జరిగింది. మా దగ్గరున్న మైనం చాలదని పట్నంలో ఒక కొట్లో మైనం దిమ్మలు కొన్నాం. పసుప్పచ్చగా, చూడ్డానికి మా మైనం కంటే బాగున్నాయి. కొబ్బరినూనె ఖరీదని సగం వేరుశెనగ నూనె కలిపాం. 1 కిలో మైనానికి 3 కిలోల నూనె. 100 గ్రాముల డబ్బాలు 38 వచ్చాయి. అన్నీ అమ్ముడైపోయాయి. మేం సంబరపడ్డాం.

వానలు పడ్డాయి. ఒక్కొక్క డబ్బా వెనక్కి రావడం మొదలైంది. మొత్తం 17 తిరిగొచ్చాయి. పీట మీద పూస్తే చేతికి జిగురు అంటుకుంటోందని, దుమ్ము పట్టేస్తోందని, పాచి నూనె కంపు కొడుతోందని అన్నారు. ఒక పెద్దాయన డబ్బా తెచ్చి మా అరుగు మీద పెట్టి, "ఏటమ్మా ఇది, ఉలికి బంక పూసినట్టుంది. మీ మావ బతికున్నప్పుడు ఇలాటిది చేసినాడా?" అన్నాడు. డబ్బులు తిరిగిచ్చేశాం. ఆ మాటను మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాం.

తర్వాత తెలిసింది. కొట్లో కొన్న దిమ్మల్లో సగానికి పైగా కొవ్వొత్తి మైనమే. అది పెట్రోలియం నుంచి వచ్చే పారఫిన్. ఇక వేరుశెనగ నూనె చెక్క మీద గట్టిగా ఆరదు, ఆరకుండానూ ఉండదు. మధ్యలో జిగురై, పాచిపోతుంది.

మైనాన్ని పరీక్షించడం

అందుకని ముందుగా పరీక్ష చెబుతాను. మంచి తేనె మైనాన్ని చిన్న ముక్క చేసి వేళ్ల మధ్య నలిపితే వేడికి మెత్తబడి సాగుతుంది. విరిచిన చోట చిన్న చిన్న రవ్వలా కనిపిస్తుంది. వాసనలో తేనె జాడ ఉంటుంది. పారఫిన్ ఎక్కువున్నది చేతికి నున్నగా జారుతుంది, నలిపితే పొడిపొడిగా రాలుతుంది.

ఇంకో పరీక్ష ఉంది. మన చేత్తో కరిగించిన నమ్మకమైన మైనం ముక్క ఒకటి ఎప్పుడూ దాచుకోవాలి. గాజు గ్లాసులో నీళ్లు పోసి ఆ ముక్క వేస్తే తేలుతుంది. అందులో మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. ఒక దశలో మన ముక్క మెల్లగా మునుగుతుంది. అప్పుడు ఆపి, కొత్తగా కొనబోయే మైనం ముక్క వెయ్యాలి. అదీ మునిగితే సరే. తేలుతూనే ఉంటే అందులో పారఫిన్ ఉన్నట్టే, ఎందుకంటే పారఫిన్ తేనె మైనం కంటే తేలిక. ముక్కకు గాలి బుడగలు అంటుకోకుండా చూసుకోవాలి. పొయ్యి దగ్గర ఈ పని చెయ్యకూడదు, స్పిరిట్ అంటుకుంటుంది.

పిప్పి నుంచి మైనం తీయడం

పట్టును తెచ్చిన రోజో, మర్నాడో కరిగించేయాలి. మూటకట్టి అటక మీద పెడితే మైనం పురుగు పట్టి, కొన్ని వారాల్లో బూజూ పొడీ తప్ప ఏమీ మిగలదు. మాకు ఒక గోనెడు అలాగే పోయింది.

పట్టును ముక్కలు చేసి చల్లటి నీళ్లలో ఒక పూట నానబెట్టండి. తీపి, మట్టి దిగిపోతాయి. తర్వాత పలచని పాత పంచె గుడ్డలో మూటకట్టి, మీద రాయి పెట్టి, నీళ్లున్న స్టీలు గిన్నెలో ముంచి సన్నటి సెగ మీద పెట్టండి. ఇనుప గిన్నె, రాగి, ఇత్తడి వద్దు, మైనం రంగు చెడుతుంది. ఉప్పగా ఉండే బోరు నీళ్లు కూడా వద్దు. మైనం విరిగి సబ్బు నురగలా అవుతుంది. వాననీళ్లు పట్టుకుని పెట్టుకుంటే మేలు.

తేనె మైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంటే నీళ్లు కుతకుతా ఉడకక్కర్లేదు. ఆవిరి లేస్తే చాలు. ఎక్కువ కాస్తే మైనం నల్లబడి, వాసన పోతుంది. మూటను కర్రతో నొక్కుతూ ఉంటే మైనం పైకి తేలుతుంది. దించి, మూతపెట్టి, రాత్రంతా కదపకుండా వదిలేయండి. పొద్దున్నకి పైన అప్పచ్చిలా గట్టిపడి ఉంటుంది. దాని అడుగున పట్టిన నల్ల మడ్డిని కత్తితో గీకేసి, మళ్లీ ఒకసారి కరిగించి వడకట్టండి. రెండు సార్లు చేస్తే సరిపోతుంది. పిల్ల పెరిగిన నల్ల పట్టులో మైనం తక్కువ, తేనె ఉన్న తెల్ల పట్టులో ఎక్కువ.

రెండో తప్పు: నిప్పు

ఈ సంగతి చెప్పడానికి నాకిప్పటికీ నోరు రాదు. అయినా చెప్పాలి.

బల్లలకు, కుర్చీలకు పూసే ముద్దలో నూనెకు బదులు టర్పెంటైన్ కలుపుతారు. అది పూసిన కాసేపటికి ఎగిరిపోయి, మైనం మాత్రం పలచగా చెక్క మీద మిగులుతుంది. మేం గ్యాసు పొయ్యి మీద మైనం కరుగుతుండగానే అందులో టర్పెంటైన్ పోశాం. గుప్పున మంట లేచింది. నా తోడికోడలి కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. పక్కనున్న పిల్ల బిందె ఎత్తి నీళ్లు పోయబోయింది. ఆ మాత్రం ఆపగలిగాను. పళ్లెం మూతగా వేసి, గ్యాసు కట్టేశాను. కరిగిన మైనం మంటలో నీళ్లు పోస్తే అది పేలినట్టు నలువైపులా చిమ్ముతుంది. నీళ్లు పోసుంటే ఆ రోజు నలుగురం కాలేవాళ్లం. చేతిని మాత్రం చల్లటి నీళ్ల ధార కింద పెట్టి, పేస్టులూ సిరాలూ పూయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాం.

ఎందుకిలా జరిగిందో తర్వాత అర్థమైంది. టర్పెంటైన్ ఆవిరి సుమారు 35 డిగ్రీల దగ్గరే నిప్పు అందుకుంటుంది. మన వైపు మే నెల మధ్యాహ్నం ఎండే అంతకంటే ఎక్కువ. మంట తగలక్కర్లేదు, ఆవిరి వెళ్లి పక్కనున్న పొయ్యిని వెతుక్కుంటుంది. అందుకని ఇప్పుడు మా సంఘంలో కట్టుబాటు ఇది:

ఒకటి, మైనాన్ని ఎప్పుడూ నేరుగా పొయ్యి మీద పెట్టం. నీళ్లున్న పెద్ద గిన్నెలో చిన్న గిన్నె పెట్టి కరిగిస్తాం.
రెండు, కరిగిన గిన్నెను పొయ్యి ఉన్న గది నుంచి బయటకు తెచ్చి, వాకిట్లో, గాలి ఆడే చోట టర్పెంటైన్ కలుపుతాం. ఆ చుట్టుపక్కల బీడీ, దీపం, అగరుబత్తి ఏదీ ఉండదు.
మూడు, మూత, బకెట్ ఇసుక పక్కనే ఉంటాయి.
నాలుగు, ముచ్చటైనా సరే పని అయ్యాకే. పిల్లలు దగ్గరకు రాకూడదు.
ఐదు, అవిసె నూనె వాడిన గుడ్డలు కుప్పగా పడేయం. ఆరేటప్పుడు వాటికవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా ఆరుబయట పరిచి ఆరేస్తాం, లేదంటే నీళ్లలో ముంచేస్తాం.

నా తోడికోడలు చెయ్యి మానింది. మచ్చ ఉంది. ఆమె ఇవాళ ఈ సభలోనే కూర్చుంది. ఆ వారం ఈ పని మానేద్దామని నేనే అన్నాను. "కాల్చింది మైనం కాదు అప్పా, మన తొందర" అని ఆమే మళ్లీ గిన్నె కడిగింది.

కొలతలు, వాడకం

మేం రెండు రకాలు చేస్తున్నాం. కొలతలన్నీ తూకంలోనే, గ్లాసులతో కాదు.

మొదటిది కొబ్బరినూనె ముద్ద. ఎండాకాలం 1 పాలు మైనానికి 3 పాళ్లు నూనె, చలికాలం 4 పాళ్లు. కొబ్బరినూనె చలికి పేరుకుంటుంది కనుక చలికాలం మైనం తగ్గించినా ముద్ద నిలుస్తుంది. కొబ్బరినూనె మిగతా వంట నూనెల్లా తొందరగా పాచిపోదు. ఉద్దానం అక్కలకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు, కొబ్బరి వాళ్ల ఇంటి పంట. ఈ ముద్ద ఉలి, రంపం, కత్తిపీట, కొడవలి, పార వంటి వాటికి, చపాతీ పీటకు, చెక్క గరిటెలకు, రోకలికి పనికొస్తుంది.

రెండోది టర్పెంటైన్ ముద్ద. 1 పాలు మైనానికి రెండున్నర పాళ్లు. ఇది బల్లలు, కుర్చీలు, మంచాలు, తలుపుల లోపలి వైపు కోసం. తినే వాటికి తగిలే చెక్కకు ఇది పూయకూడదు.

పూసే పద్ధతిలోనే అందం ఉంది. ఇనుముకైతే ముందు తుప్పును గరుకు కాగితంతో గీకి, తడి లేకుండా తుడిచి, ముద్ద పలచగా రాసి వదిలేయాలి. తుప్పు మీద పూస్తే తుప్పును దాచిపెట్టినట్టే. బారువ, కళింగపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి నెలకోసారైనా పూయాలి. చెక్కకైతే దుమ్ము దులిపి, గుడ్డతో పలచగా రాసి, పావుగంట ఆగి, పొడి నూలుగుడ్డతో మెరిసేదాకా రుద్దాలి. మందంగా పూస్తే మెరవదు, మరకలు కడుతుంది. పలచగా రెండు సార్లు పూయడం మేలు.

ఎక్కడ పూయకూడదో కూడా చెప్పాలి. జిగురు పెట్టి అతికించాల్సిన చోట, తర్వాత వార్నిష్ వేయాల్సిన చోట మైనం తగలకూడదు, ఏదీ అంటుకోదు. ఎండకూ వానకూ నిలిచే గేటుకు, వీధి తలుపు బయటి వైపుకు ఇది ఆగదు. మైనం పూసిన బల్ల మీద వేడి గిన్నె పెడితే మచ్చ పడుతుంది. చెదను ఇది ఆపదు. "చెద పట్టదు" అని డబ్బా మీద రాస్తే ఇంకా అమ్ముడవుతుందని ఒకరు సలహా ఇచ్చారు. మేం రాయలేదు. ఒకసారి 17 డబ్బాలు తిరిగొచ్చిన ఇల్లు మాది.

మూడో తప్పు: అందరికంటే పెద్దది

ముద్ద బాగా కుదిరింది, అమ్మకం నిలబడింది. ఒక సంతరోజు ఎప్పటిలాగే పిప్పి అడిగాను. ఎప్పుడూ ఇచ్చే సవర అక్క ఆ రోజు సంచి ఇవ్వలేదు. "ఏటమ్మా, మేం ఊరికే ఇచ్చిన పిప్పి డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారంట కదా?" అంది. కోపంగా అనలేదు. నవ్వుతూనే అంది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

రాత్రిపూట పొగబెట్టి, తాళ్లు పట్టుకుని కొండ పట్టు దింపేది వాళ్ల ఇంటి మగవాళ్లు. కుట్టించుకునేది వాళ్లు. పిండేది, మోసుకొచ్చేది ఈ అక్కలు. తేనెటీగ కిలో మైనం కట్టాలంటే ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె తినాలని చెబుతారు. అలాంటి దాన్ని మేం పిప్పి అని పేరుపెట్టి ఊరికే తెచ్చుకున్నాం. మాకు కల్తీ మైనం అమ్మిన కొట్టువాడిని తిట్టుకున్నాం గానీ, మేం చేసిందీ తూకం తప్పడమే.

మన సమావేశంలో చట్టాల గురించి చెప్పినప్పుడు ఒక మాట విన్నాను. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఫలసాయం అంటే ఏమిటో చెప్పిన చోట తేనె పక్కనే మైనం పేరు కూడా రాసి ఉంది. దాన్ని సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు, దాని మీద యాజమాన్యం అడవి బిడ్డలదే. అంటే చట్టం పిప్పి అనలేదు, మైనం అనే అంది.

ఆ నెల నుంచి మా లెక్క మారింది. పట్టును తూకం వేసి కొనడం లేదు, ఎందుకంటే అందులో మైనమెంతో మడ్డెంతో ఎవరికీ తెలియదు. కరిగించడం వాళ్లకే నేర్పాం. మైనం అప్పచ్చి చేసి తెస్తే, వాళ్ల ముందే తూచి, రొక్కం ఇస్తున్నాం. గోనెడు పిప్పి మోసే బదులు ఒక చిన్న మూట మోస్తున్నారు. మైనం పురుగు పట్టే భయమూ పోయింది. ఇంకో మాట కూడా అనుకున్నాం. తేనె ఉన్న భాగం కోసి, పిల్ల ఉన్న భాగం వదిలేసిన పట్టు నుంచి వచ్చిన మైనమే మాకు కావాలని. పిల్ల బతికితే ఈగ నిలుస్తుంది. నల్ల పట్టులో మైనం ఎలాగూ తక్కువే కాబట్టి దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

మా లాభం తగ్గింది. కానీ డబ్బా ధరలో మైనం ఖరీదు, నూనె, డబ్బా, గ్యాసు, మా కూలి, అప్పు వడ్డీ అన్నీ రాసుకుంటే ఇప్పుడే నిజమైన లెక్క కనిపించింది. ముందు కనిపించిన లాభంలో కొండ అక్కల కూలి కలిసి ఉంది.

సమాఖ్యకు మా విన్నపం

మూడే అడుగుతున్నాం.

ఒకటి, కొండ ప్రాంతపు సంఘాలకు రెండేసి స్టీలు గిన్నెలు, ఒక తూకం యంత్రం ఇప్పించండి. 1956 నుంచి గిరిజన సహకార సంస్థ అటవీ సరుకులు కొంటోంది, 2018 నుంచి వన్‌ధన్ కేంద్రాలు వచ్చాయి. వాళ్లతో మన సమాఖ్యే కూర్చుని మాట్లాడితే మైనానికి ఒక ధర నిలుస్తుంది. మేం ఒక్క సంఘంగా వెళ్తే ఆ బలం ఉండదు.

రెండు, నిప్పు జాగ్రత్త మీద శిక్షణ తీసుకోకుండా ఎవరికీ టర్పెంటైన్ ముద్దకు అప్పు ఇవ్వకండి. కొబ్బరినూనె ముద్దతో మొదలెట్టమనండి.

మూడు, డబ్బా మీద తయారుచేసిన వాళ్ల పేరు, చిరునామా, నికర తూకం, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలి. 2011 ప్యాకేజీ సరుకుల నిబంధనలు అడిగేది అదే. దానికి తోడు లోపల ఏమేం కలిపామో కూడా రాద్దాం. దాచడానికేమీ లేనప్పుడు రాయడానికి భయమెందుకు?

ఇక్కడికి వచ్చే ముందు, మొదట డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టిన ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి కొత్త ముద్ద ఇచ్చాను. డబ్బులు తీసుకోనన్నాను. ఆయన ఉలికి రాసి, వేలితో ముట్టుకుని, వాసన చూశాడు. ఏమీ అనలేదు. లోపలికెళ్లి డబ్బులు తెచ్చి నా చేతిలో పెట్టి, "వచ్చే నెల రెండు ఇయ్యి" అన్నాడు.

ఆ రెండు డబ్బాలు సంచిలోనే ఉన్నాయి. సభ అయ్యాక ఇచ్చి వెళ్తాను.